వృద్ధుల దిగులు – ప్రశ్న నడుగు భాష: బీదరు సీమ పరిశీలనము

వార్ధక్యమున దేహమునకు వచ్చు రుగ్మతలను గూర్చి అందరును మాటలాడుదురు. మోకాళ్ల నొప్పి, చక్కెర వ్యాధి, రక్తపుపోటు, కంటిపొర – వీనికి పేరులున్నవి, మాత్రలున్నవి, వైద్యులున్నారు. మనస్సునకు వచ్చు రుగ్మత విషయమున మాత్రము "ముసలితనమున దిగులు సహజమే" యను నొక మాటతో సరిపెట్టుకొనుట మనకు వాడుకయైనది. ఈ మాట నిజము కాదు. వయసు మీరినవారిలో పెక్కుమంది దిగులు లేకయే కాలము గడుపుచున్నారు. దిగులుచే మంచము పట్టినవారు తగిన చికిత్సచే మరల లేచి తిరుగుచున్నారు. కావున దానిని వ్యాధియని గుర్తింపవలసినవారెవరు, గుర్తించు స్థలమేది, ఏ మాటలతో అడిగి గుర్తింపవలెను అను మూడు ప్రశ్నలు పుట్టుచున్నవి. మొదటి రెండింటిని ప్రభుత్వమును వైద్యులును కొంతవరకు తేల్చియున్నారు. మూడవదానిని సాధారణముగా చిన్న విషయముగా నెంచుదురు. నేను వైద్యుడను గాను, తెలుగు ఉపాధ్యాయుడను. ఈ మూడవది తేలనిదే మొదటి రెండును నిష్ఫలములగునని ఈ వ్యాసమున చూపబూనితిని.

ఆంగ్లమున డిప్రెషననబడు ఈ వ్యాధిని నేటి పత్రికలు కుంగుబాటని వ్రాయుచున్నవి. కొడుకు దూరమైనాడని రెండు దినములు ఏడ్చుట కుంగుబాటు కాదు. భర్త పోయిన భార్య దుఃఖించుటయు వ్యాధి కాదు. ఏ పనియందును మనసు నిలువకపోవుట, లోపల శూన్యముగా నుండుట, నిద్రయు ఆకలియు చెడుట, తనను తాను పనికిమాలినదానిగా నెంచుకొనుట – ఇట్టివి కొన్ని కలిసి కనీసము రెండు వారములు ఎడతెగక నిలిచి, దినచర్యను చెరచినప్పుడే వైద్యులు దానిని వ్యాధియందురు. అరువది దాటినవారిలో దీని విస్తృతిని 2017–18లో జరిగిన వార్ధక్యపు జాతీయ సర్వేక్షణము వెల్లడించినది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్ర సంస్థ దీనిని నడపినది. నిర్ణీత ప్రశ్నలడిగి చూచినప్పుడు వృద్ధులలో నూటికి 8.3 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తోచినది. "మీకు ఈ వ్యాధి కలదని వైద్యుడెవడైనను చెప్పెనా?" అని అడిగినప్పుడు ఔనన్నవారు నూటికి 0.8 మాత్రమే. పదిమందిలో తొమ్మండ్రకు తమ బాధ యొక వ్యాధియని చెప్పినవారే లేరన్నమాట. ఈ వ్యాసమంతయు ఆ తొమ్మండ్రను గూర్చినదే.

వారిని కనుగొనుటకు మన దేశమున నేడు ఏర్పాటు లేకపోలేదు. మైదాన ప్రదేశమున 30,000 జనమునకొక ప్రాథమికారోగ్య కేంద్రము, 5,000 జనమునకొక ఉపకేంద్రము, సుమారు వేయిమందికొక ఆశా కార్యకర్త ఉండవలెనని నియమము. 2010లో వృద్ధుల ఆరోగ్యమునకై జాతీయ కార్యక్రమ మొకటి వెలసినది. 2018 నుండి ఉపకేంద్రములను ఆరోగ్య స్వస్థతా కేంద్రములుగా మార్చి, 2023లో వానికే ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములని పేరు పెట్టిరి. ఆశా కార్యకర్త ఇంటింటికి తీసికొనిపోవు పట్టికలో చక్కెర వ్యాధి, క్షయ, కాన్సరు మొదలగువాని ప్రశ్నలతోబాటు మనస్సును గూర్చిన రెండు ప్రశ్నలును చేరినవి. గడచిన రెండు వారములలో పనులయందు ఆసక్తి తగ్గినదా, మనసు కుంగినదా – అని వాని సారాంశము. ఒక్కొక్కదానికి సున్న మొదలు మూడు వరకు గుణములు. మొత్తము 3ను మించినచో ఆరోగ్యాధికారి యొద్దకు పంపవలెను. అచ్చట తొమ్మిది ప్రశ్నల పట్టికతో మరల చూతురు. 2001లో అమెరికాలో వెలువడిన ఈ తొమ్మిది ప్రశ్నలకు మొత్తము 27 గుణములు. 10 వచ్చినచో వైద్యుడు తప్పక విచారింపవలెను.

ప్రత్యేకముగా వృద్ధులకొరకే యొక పట్టిక కలదు. 1980 ప్రాంతమున కాలిఫోర్నియాలో యెసవేజ్ అను వైద్యుడును అతని సహచరులును 30 ప్రశ్నలతో దానిని కూర్చిరి. 1986లో 15 ప్రశ్నలకు కుదించిరి. దానికి ఔను, కాదు అను రెండే జవాబులు. "కొన్ని దినములు, సగముకంటె ఎక్కువ దినములు, దాదాపు ప్రతిదినము" అను మెట్లను చదువురాని వృద్ధురాలు పట్టుకొనలేదు కావున ఈ రెండు జవాబుల పద్ధతి మనకు మేలనిపించును. అయితే అందే యొక చిక్కు దాగియున్నది; దానిని ముందు వివరింతును.

ఈ మార్గమున మొదటి అడుగులు పడిన స్థలములు బీదరునకు దూరమైనవి కావు. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము ఏర్పడిన పిమ్మట దానిని ఒక జిల్లాలో నడపి చూపవలసివచ్చినది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థవారు అందులకు బళ్లారి జిల్లాను ఎన్నుకొనిరి. 1985 మొదలు 1990 వరకు అచ్చటి ప్రాథమికారోగ్య కేంద్రముల వైద్యులకును కార్యకర్తలకును మనోవ్యాధులను గుర్తించుటలో శిక్షణమొసగిరి. మానసిక వైద్యుడు లేని పల్లెయందు సామాన్య వైద్యుడే మందీయగలడని ఆ ప్రయత్నము నిరూపించినది. 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము ఆ బళ్లారి నమూనాపైననే ఆరంభమైనది. దానికి మొదట తీసికొనిన నాలుగు జిల్లాలలో మన తూర్పు సరిహద్దుననున్న మెదకు ఒకటి. 1956 వరకు బీదరు జిల్లాలోని తాలూకాలైన జహీరాబాదును నారాయణఖేడును నాటి మెదకులోనివే. 2016 నుండి అవి సంగారెడ్డి జిల్లాలో నున్నవి. ఇట్లు ఒక ప్రక్క బళ్లారి, మరియొక ప్రక్క మెదకు – రెండును తెలుగు మాటలాడువారున్న సీమలే. అయినను ఆ తొలి దినములలో చూపంతయు ఉన్మాదముపైనను మూర్ఛరోగముపైనను నిలిచినది. అరచువానిని అందరును చూతురు గదా! గోడవైపు తిరిగి పండుకొనిన ముసలమ్మ ఎవరికిని కనబడలేదు.

ఇక బీదరు సంగతి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనప్పుడు బీదరు జిల్లాయు ముక్కలైనది. కొన్ని తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు, కొన్ని మరాఠీ సీమకు పోగా, మిగిలినది మైసూరు రాష్ట్రమున కలిసినది. పటములో గీత గీయుట సులభమే. ఇండ్లలోని భాష ఆ గీతను పాటింపలేదు. నేడు ఎనుబది దాటిన తెలుగు వృద్ధులు ఆనాడు పదేండ్ల పిల్లలు. వారికి బజారున ఉర్దూ, చేనులో తెలుగో కన్నడమో, కొందరికి మరాఠీ కూడ వచ్చును. స్త్రీలలో పెక్కురకు ఏ లిపియు రాదు. వారి నోట కన్నడము పలుకుటను చూచి వారికి కన్నడము వచ్చునని తలంచెదము. కూరగాయల బేరమునకు చాలు భాష వేరు, కడుపులోని దుఃఖమును చెప్పు భాష వేరు.

నాకు ఈ విషయముపై దృష్టి కలుగుటకు కారణమైన సంగతి నొకటి చెప్పవలెను. మా పాఠశాలలో చదువు నొక బాలుని యింటికి ఒకనాడు ఆరోగ్య కార్యకర్త వచ్చినది. ఆమె కన్నడిగ, మంచి మనిషి, పట్టిక నంతయు ఓపికతో నింపునది. ఇంటిలో బాలుని నాయనమ్మ. వయసు డెబ్బది దాటినది. భర్త పోయి ఏడాదియైనది. కొడుకు హైదరాబాదున పనిలో నున్నాడు. కార్యకర్త కన్నడమున అడిగినది, బాలుడు తెలుగు చేసి చెప్పినాడు. మనసుకు 'బేజారు' కలుగుచున్నదా యని ఆమె అడుగగా, వాడు ఆ మాటనే తీసికొని "అవ్వా, నీకు బేజారైతున్నదా?" అనెను. ఆ యిల్లాలి తెలుగులో బేజారనగా ఒకరితో విసిగిపోవుట. కోడలు ప్రక్కనే నిలిచియున్నది. "లేదు లేదు, నా కోడలు నన్ను మంచిగనే చూసుకుంటది" అని ముసలమ్మ వెంటనే చెప్పినది. పట్టికలో సున్న పడినది.

వారము తరువాత బాలుడు బడికి రాకపోగా నేను వారి యింటికి పోతిని. కుశలమడుగగా ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికిని చెవిలో నున్నవి: "ఏం చెప్పాలె సారూ, పెద్దాయన పోయిన కాన్నుంచి రంది పట్టుకున్నది. పాణం నిలుస్తలేదు. పొద్దు పోతలేదు. బుక్క మింగుడు పడ్తలేదు." పట్టిక అడుగు రెండు ప్రశ్నలకును ఇందు జవాబున్నది, నిద్రాహారముల ప్రశ్నలకును ఉన్నది. అడుగకయే చెప్పినది. అడిగినప్పుడు చెప్పలేకపోయినది. ఏడాది కాలము ఆమెకు మోకాళ్ల నొప్పికని మాత్రలును, నీరసమునకని సెలైనును ఇచ్చుచునే యుండిరి. దోషము కార్యకర్తది కాదు, బాలునిది అంతకంటె కాదు. పదేండ్ల పిల్లవానిని నడుమ నిలిపి నాయనమ్మ మనసును అడిగించిన ఏర్పాటుది.

ఈ సీమ తెలుగున దిగులును చెప్పు పదజాలము చాల గొప్పది. నిఘంటువుల కెక్కినది కొంతయే. చింత మనసును తొలుచుట 'రంది'. అదే ఉర్దూ నుండి వచ్చి 'ఫికరు'. కారణము తెలియని భయము 'బుగులు'. దేనియందును రుచి లేక విసిగిపోవుట 'యాష్ట'. ఏదియు నచ్చకపోవుట 'మనసున పడకపోవుట'. 'పాణము బాగలేదు' అనునది అన్నిటికంటె గమనింపదగినది. ప్రాణశబ్దభవమైన ఈ పాణము ఇచ్చట దేహమును, ఆరోగ్యమును, మనసును కలిపి చెప్పును. "పాణము బాగలేదు" అనగా జ్వరము కావచ్చును, కుంగుబాటు కావచ్చును. వైద్యుడు మొదటిదానినే విని నాడి పట్టుకొనును. పట్టికలలోని అనువాదపు తెలుగు చూచితిమా, 'ఆసక్తి', 'నిరుత్సాహము', 'నిస్సహాయత' వంటి మాటలతో నిండియుండును. అవి నాకును మీకును అర్థమగును; మేము పరీక్షలలో ప్రశ్నలు ఆ భాషలోనే ఇత్తుము. ముసలమ్మకు అవి పురాణము చెప్పు పంతులు మాటలు.

'ఆశ' యను పదము మరియు చిక్కైనది. పట్టికలలో ఆశ పోయినదా, నిరాశగా నున్నదా యని అడుగు ప్రశ్న తప్పక యుండును; వ్యాధి తీవ్రతను తెలుపుటలో దానికి ప్రాధాన్యము కలదు. అయితే మన వృద్ధుల నోట ఆశయనగా కోరిక, పేరాస. "నీకు ఆశ లేదా?" అని అడిగినచో "నాకేం ఆశ బిడ్డా, అన్నీ వదిలేసిన" అని కొంత గర్వముతోనే చెప్పుదురు. ఆంగ్లమున రోగలక్షణమైనది తెలుగున వైరాగ్యమై, సద్గుణమై కూర్చున్నది. (అడుగవచ్చిన కార్యకర్త పేరే ఆశా యగుట విధి చమత్కారము.) "రేపటి దినము మంచిగ ఉంటదని అనిపిస్తదా?" అని అడిగినచో అర్థమగుచున్నట్లు నా అనుభవము.

పైన చెప్పెదనన్న ఔను–కాదుల చిక్కు ఇప్పుడు చూతము. ఇది వ్యాకరణమునకు సంబంధించినది. వృద్ధుల పట్టికలోని 15 ప్రశ్నలలో పదింటికి ఔననుట వ్యాధిసూచకము, అయిదింటికి కాదనుట వ్యాధిసూచకము. ఆంగ్లమున ఇది బాగుగనే నడచును. తెలుగున వ్యతిరేక ప్రశ్న వేసినచో? "రాత్రి నిద్ర పట్టుట లేదా?" అని అడుగుడు. నిద్ర పట్టనివాడు "ఔను" అనవచ్చును, "లేదు" అనియు అనవచ్చును. రెంటికిని అర్థమొకటే. ఔనన్నవాడు ప్రశ్నలోని మాటను సమ్మతించుచున్నాడు. లేదన్నవాడు స్థితిని చెప్పుచున్నాడు. వినువాడు పట్టికలో ఏ గడిలో గీత గీయవలెను? తొందరలో నున్న కార్యకర్త లేదు అను శబ్దము వినగానే 'కాదు' గడిలో గీయును. ఇట్లు రెండు మూడు ప్రశ్నలలో జరిగినచో 5 గుణముల హద్దు దాటవలసినవాడు 3 వద్ద నిలిచిపోవును. కావున తెలుగు పట్టికలో వ్యతిరేక ప్రశ్న ఒక్కటియు నుండరాదు. "రాత్రి నిద్ర పడుతున్నదా?" అనియే అడుగవలెను. జవాబును ఒక్క మాటగా గాక పూర్తి వాక్యముగా రాబట్టవలెను. అన్వయమునకు మేము పదవ తరగతిలో ఇచ్చు జాగ్రత్తయే ఇది. ఇచ్చట దానికి విలువ మార్కులలో లేదు.

అట్లే తృప్తిని గూర్చి మొట్టమొదటనే అడుగుట. మన మర్యాదలో "అంతా బాగున్నదా?" అనునది కుశలప్రశ్న. దానికి "మీ దయవల్ల బాగున్నది" అనుటయే జవాబు, ఇల్లు కాలుచున్నను సరే. తృప్తి ప్రశ్నయు దాని వరుసలోనే పోవును. దానిని తొలుత గాక, నాలుగు మాటలైన పిమ్మట అడుగుట మేలు. బయటికి పోవుటకంటె ఇంటనుండుటయే ఇష్టమా యను ప్రశ్నయు ఇచ్చట తూకము తప్పును. వైశాఖమాసపు బీదరు ఎండలో డెబ్బది యేండ్ల విధవరాలు ఇంటనుందుననుట రోగము కాదు. ఆమె వెనుక పోవుచుండిన భజనకు, పొరుగింటి అరుగుకు పోవుట మానినదా యని అడుగవలెను. రెండు వారముల గడువును కూడ వారి లెక్కలోనికి మార్చవలెను. "మొన్న అమావాస్య నుండి ఈ పున్నమి దాక" అన్నచో పదునైదు దినములు చక్కగా పట్టువడును. వారపు సంత జరుగు గ్రామమున "రెండు సంతల నుండి" యనినను సరియే.

దేహబాధలను గూర్చి యొక విరోధము కలదు. వృద్ధుల పట్టికను కూర్చినవారు నొప్పులు, నీరసము మొదలగు ప్రశ్నలను బుద్ధిపూర్వకముగానే విడిచిరి. ముసలితనమున అవి వేరు వ్యాధులచేతను కలుగును గాన. వాదము సరియైనదే. అయితే మనవారు దిగులును దేహము ద్వారముననే బయట పెట్టుదురు – తల భారము, గుండె దడ, కాళ్లు లాగుట, ఒళ్లంతయు మంట. దేహమును అడుగని ప్రశ్నావళి వారికి తమ సంగతి కానట్లు తోచును. నా మతమున, మాట దేహముతో మొదలిడి మనసులోనికి పోవలెను. గుణములు మాత్రము మనసు ప్రశ్నలకే వేయవలెను. దేహ పరీక్షను విడువరాదు కూడ. థైరాయిడు లోపము, రక్తహీనత, బి12 విటమిను లోపము కుంగుబాటు వేషమున వచ్చును. చెవుడు వచ్చినవాడు మాటలాడుట మానినచో దిగులనుకొందుము. మతిమరపు వ్యాధియు కుంగుబాటును ఒకదానినొకటి పోలియుండును. కుంగుబాటుచే కలిగిన మరపు చికిత్సతో తగ్గవచ్చును గాన ఆ భేదము తెలిసికొనుట ముఖ్యము.

తొమ్మిది ప్రశ్నల పట్టికలో కడపటిది చావు తలపును గూర్చినది. దీనిని పలువురు కార్యకర్తలు సంకోచముచే దాటవేయుదురు. "ఆ దేవుడు ఎప్పుడు తీసికపోతడో" అనుట మన వృద్ధులకు ఊతపదమువంటిది. దానిని విని బెదరనక్కరలేదు. ఊతపదమేయని త్రోసివేయుటయు తగదు. దేవుడు తీసికొనిపోవలెననుటకును, తానే పోవలెననుకొనుటకును నడుమ గీత కలదు. "మీరే ఏమన్న చేసుకోవాలె అనిపించిందా?" అని ఒంటరిగా, మెల్లగా, తిన్నగా అడుగవలెను. అడుగుటచే ఆ తలపు పుట్టదని వైద్యులు ముక్తకంఠముతో చెప్పుచున్నారు. ఔనన్నచో ఆనాడే వైద్యుని చూపవలెను. ఇంటిలోని పురుగుమందును తీసివేయవలెను. సేద్యగాండ్ర యిండ్లలో ఈ రెండవది మొదటిదానికంటె ముందు. పోలీసు భయముచే దాచువారు ఇంకను ఉన్నారు. 2017 నాటి మానసికారోగ్య చట్టము అట్టివారిని తీవ్ర వ్యథలోనున్నవారిగా భావింపవలెనని చెప్పినది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చేరలేదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఫోను చేయవచ్చును. తెలుగునను కన్నడమునను మాటలాడుదురు. ఈ ప్రశ్నను మనుమని ముందో కోడలి ముందో ఎన్నడును అడుగరాదు. అందరు వినుచుండగా వచ్చు జవాబు వారి జవాబే గాని ముసలమ్మది కాదు.

ఇట్లు ఊరూర అందరిని అడుగుట అవసరమా యని శంకించువారున్నారు. వారి మాటను తేలికగా త్రోసివేయరాదు. 2013లో కెనడా దేశపు నిపుణసంఘము ఇట్టి సామూహిక పరీక్ష వలదనియే చెప్పినది. లెక్క చూతము. ఒక ఆశా కార్యకర్త పరిధిలో వృద్ధులు 100 మంది యనుకొందము. జాతీయ సర్వేక్షణము ప్రకారము వారిలో సుమారు 8 మందికి వ్యాధి యుండును. తొమ్మిది ప్రశ్నల పట్టిక వ్యాధి కలవారిలో నూటికి 88 మందిని పట్టుననియు, లేనివారిలో నూటికి 88 మందిని సరిగా విడుచుననియు తొలి పరిశోధనము. అనగా 8 మందిలో 7గురు పట్టువడుదురు. తక్కిన 92 మందిలో 11 మంది అకారణముగా పట్టువడుదురు. పట్టువడిన 18 మందిలో నిజముగా వ్యాధి కలవారు 7గురే. కావున పట్టికను రోగనిర్ణయమని భ్రమించి 18 మందికిని మాత్రలిచ్చుట అపచారము. పట్టిక తలుపు తట్టును. లోపలికి పోయి చూడవలసినవాడు వైద్యుడు. చికిత్సకు ఏర్పాటు లేని వ్యాధికి సామూహిక పరీక్ష చేయరాదని 1968లోనే విల్సన్, యుంగ్నర్ అనువారు ప్రపంచారోగ్య సంస్థ ప్రచురణమున చెప్పిరి. కార్యకర్త అడిగి, వ్రాసికొని, మరల రాకపోయినచో అడుగకుండుటయే మేలు. విప్పిన మూటను వీధిలో వదలినట్లగును.

ఐనను ఏర్పాటున్నచోట ఫలమున్నదనుటకు తెలుగునేలయందే సాక్ష్యము కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జి ఇన్‌స్టిట్యూట్ వారు గిరిజన గ్రామముల ఆశా కార్యకర్తలకు టాబ్లెట్ యంత్రములిచ్చి సుమారు 5,000 మంది వయోజనులను అడిగించిరి. వ్యాధిసూచన కనబడినవారి వివరము వైద్యుని యంత్రమునకు చేరును; వైద్యుడు చూచినదియు లేనిదియు మరల కార్యకర్తకు తెలియును. అంతకుముందు మానసిక చికిత్స పొందుచుండినవారు నూటికి 0.8 కాగా పిమ్మట 12.6 అయినట్లు 2017లో ప్రకటించిరి. ఇది వృద్ధులకు మాత్రమే చేసినది కాదు. నూటికి 87 మంది అప్పటికిని చికిత్సకు రాలేదనుటయు మరువరాదు. గోవాలో వృద్ధులకొరకే యొక ప్రయత్నము జరిగినది. అరువది దాటి, దిగులు ఛాయలు మాత్రమే కనబడుచున్న 181 మందిని తీసికొని, సగము మందికి సామాన్య చదువుగల సలహాదారులచే మాటలాడించి, నిద్రను చక్కబరచుట, సమస్యలను విడదీసికొనుట, పింఛను మొదలగువానికి త్రోవ చూపుట నేర్పిరి. ఏడాదిలో వారిలో నూటికి 4.4 మందికి, తక్కినవారిలో 14.4 మందికి వ్యాధి ముదిరినట్లు 2019లో తేలినది. ఇట్టి పనికి మానసిక వైద్యులే కావలెనన్నచో మన దేశమున లక్ష జనమునకు ఒక్కరును పూర్తిగా లేరు.

నా వాదమునకు మిక్కిలి బలమైన దృష్టాంతము మాత్రము ఆఫ్రికాలోని జింబాబ్వే దేశపుది. అచ్చటి షోనా భాషీయులు తమ బాధను 'కుఫుంగిసిస' అందురు; అతిగా ఆలోచించుట యని అర్థము, మన రందికి దగ్గరి చుట్టము. పరదేశపు పట్టికను అనువదింపక, రోగులు చెప్పుకొను మాటలనే ఏరి షోనాలో 14 ప్రశ్నలు కూర్చిరి. ఆ ప్రశ్నలతో దవాఖానా ఆవరణమున బల్లపై కూర్చుండి అడుగువారు ఊరి అవ్వలు! హరారే నగరమున వైద్యుడు చిబాండా ఆరంభించిన ఈ 'స్నేహపు బల్ల'ను 573 మందిపై పరీక్షించి 2016లో ప్రకటించిరి. ఆరు నెలలకు వ్యాధిలక్షణములు మిగిలినవారు అవ్వలు మాటలాడినవారిలో నూటికి 14, తక్కినవారిలో 50.

మన రాజ్యాంగమున 1956లో ఏడవ సవరణముచే చేరిన 350ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో విద్య గరపుటకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. మా వంటి పాఠశాలలకు ఆధారమదియే. ఆరేండ్ల మనుమనికి కలిగిన ఈ సౌకర్యము డెబ్బదియేండ్ల నాయనమ్మకు ఉపకేంద్రమున లేదు. దానికి రాజ్యాంగ సవరణ మక్కరలేదు. పట్టికలో వయసు గడి ప్రక్కన "ఏ భాషలో మాటలాడుట ఇష్టము?" అను గడి యొకటి చాలును. సరిహద్దు గ్రామములలో తెలుగు వచ్చిన నర్సులును కార్యకర్తలును లేకపోలేదు. ఎవరి నెచ్చటికి పంపవలెనో తెలుపు గడియే లేదు. మరాఠీ వృద్ధులకును ఉర్దూ వృద్ధులకును ఇదే న్యాయము. ఇది తెలుగువారి అభిమానపు మాట కాదు.

ఆ బాలుని నాయనమ్మ సంగతి అడుగుదురు గావున చెప్పుచున్నాను. ఆమె చెప్పిన మాటలను నేను కన్నడమున వ్రాసి కార్యకర్త కిచ్చితిని. ఆమె నొచ్చుకొనలేదు, తెలుగు తెలిసిన నర్సును వెంటబెట్టుకొని మరల వచ్చి, కోడలిని నీళ్లకు పంపి, తీరికగా కూర్చున్నది. పిమ్మట పెద్దాసుపత్రికి తీసికొనిపోయిరి. చిన్న మోతాదున మందు మొదలిడిరి. ఫలము కనబడుటకు నాలుగైదు వారములు పట్టునని ముందే చెప్పిరి. ఆ మాట చెప్పకున్నచో పదవనాడే మానియుండెడిది. మూడవ నెలకు పొరుగింటి అరుగుపై కనబడినది. పెండ్లిండ్లకు ఇంకను పోవుట లేదు.

ఆ నర్సును నేనును కలిసి వృద్ధుల పట్టికను ఈ సీమ తెలుగున తిరిగి కూర్చుచున్నాము. దానిని వైద్యులు పరీక్షించి హద్దులు నిర్ణయించువరకు అది పట్టిక కాదు, మాటల చిట్టా మాత్రమే. 15 ప్రశ్నలలో 12 కుదిరినవి. లోపల వెలితిగా, ఖాళీగా నున్నదా యను ప్రశ్నకు తగిన మాట దొరకలేదు. 'ఖాళీ' యన్నచో పని లేకుండ నున్నారాయని అనుకొనుచున్నారు. నిస్సహాయతకును, తాను పనికిరాననుకొనుటకును నడుమ భేదము చూపు పలుకుబడియు కావలసియున్నది. జహీరాబాదు, నారాయణఖేడు, బళ్లారి, కోలారు ప్రాంతములనుండి ఈ సభకు వచ్చిన సోదరీసోదరులు తమ యిండ్లలోని పెద్దలు ఈ మూడింటికి ఏమందురో విని, వారన్నది అన్నట్లుగా వ్రాసి పంపగోరుచున్నాను.